జారిపోయినవాళ్ళ లెక్క

మా అత్తయ్య ముప్పై రెండేళ్ళు ప్రభుత్వాసుపత్రుల్లో నర్సుగా చేసింది. అందులో పదేళ్ళ పైచిలుకు సుఖవ్యాధుల విభాగంలోనే గడిచాయి. మా తమ్ముడు హైదరాబాదులో ఆరోగ్య పరిశోధనలకు లెక్కలు కట్టే ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న సంక్రాంతికి రాజమండ్రి వస్తూ సంచీలో ఒక దస్త్రం తెచ్చుకున్నాడు. సెక్స్ వర్కర్ల ఆరోగ్యాన్ని పదేళ్ళపాటు వెంట ఉండి చూసే అధ్యయనం ఒకటి మొదలుపెడతారట. ఎథిక్స్ కమిటీకి పంపాల్సిన కాగితాల్లో ‘కమ్యూనిటీ ఎంగేజ్‌మెంట్’ అనే అధ్యాయం రాయడం వాడి వంతు. కనుమ నాడు భోజనాలయ్యాక, కళ్ళజోడు వెతుక్కుంటూ అత్తయ్య ఆ దస్త్రం తిరగేసింది. అక్కడ అంటుకుంది. నాకు గుర్తున్నంత మేరకు రాస్తున్నాను. తిట్లు తీసేశాను, అవి ఎక్కువగా అత్తయ్యవే.

అత్తయ్య: ఏవిట్రా ఇది? ‘అధ్యయనానికి ముందు సముదాయంతో రెండు సమావేశాలు. టీ, బిస్కెట్లు, దారి ఖర్చులు.’ వాళ్ళని కలుపుకుపోవడం అంటే ఇదేనా?

తమ్ముడు: అది బడ్జెట్ పేజీ అత్తయ్యా. అసలు సంగతి వెనకాల ఉంది. సలహా సంఘం వేస్తాం. అందులో వాళ్ళ ప్రతినిధులు ఉంటారు.

అత్తయ్య: ఉంటారు. గుమ్మం పక్క కుర్చీలో కూర్చుంటారు, అందరూ చప్పట్లు కొడితే కొడతారు. నేను చూడలేదనుకున్నావా? ఈ గోదావరి జిల్లాల్లో రెండువేల సంవత్సరం తర్వాత సర్వేలు చేసినంతగా ఇంకెక్కడా చేసుండరు. ఒకావిడ మా ఓపీకి వచ్చేది. ఒక్క ఏడాదిలో ముగ్గురొచ్చి రోజుకి ఎంతమంది, కాండోమ్ వాడావా, పోలీసులు కొట్టారా అని అడిగి వెళ్ళారట. ‘సిస్టరుగారూ, ప్రశ్నలన్నీ నోటికొచ్చేశాయి, అడక్కముందే జవాబు చెప్పేస్తున్నా’ అంది. అది ఏ సంస్థో నీకనవసరం. ఆ మూడు సర్వేల్లో ఏం తేలిందో ఒక్కళ్ళు కూడా వెనక్కొచ్చి ఆవిడకి చెప్పలేదు.

తమ్ముడు: మీరన్నది సర్వే. వచ్చి పోతుంది. ఇది కోహార్ట్. అంటే అవే మనుషుల్ని ఏళ్ళ తరబడి చూడడం. సర్వేలో వెనక్కి రాకపోయినా గడిచిపోతుంది. ఇందులో మోసం చేస్తే రెండో ఏడాదికి గదిలో ఒక్కరూ మిగలరు. నైరోబీలో మజెంగో కోహార్ట్ 1985లో మొదలైంది, దశాబ్దాల పాటు నడిచింది. బిస్కెట్లతో అన్నేళ్ళు నడుస్తుందా?

అత్తయ్య: సరే, చెప్పు. ఎలా నడిచిందో వింటా.

తమ్ముడు: నైరోబీ విశ్వవిద్యాలయానికీ కెనడాలో మానిటోబా విశ్వవిద్యాలయానికీ 1980లో పొత్తు కుదిరింది. అప్పటికి ఎయిడ్స్ ఊసే లేదు. వాళ్ళు చూడాలనుకున్నది షాంక్రాయిడ్‌ని.

అత్తయ్య: సవాయి పుండుకి చెల్లెలు. నొప్పి ఎక్కువ, మందు తక్కువ. వందల మందికి కట్లు కట్టాను.

తమ్ముడు: క్లినిక్కుకి వచ్చిన మగాళ్ళని ఎక్కడ అంటిందని అడిగితే పుమ్వానీ పేట అన్నారు. వలస ప్రభుత్వం ఆఫ్రికన్ల కోసం 1920లలో వేసిన పేట అది. మజెంగో అందులోదే. స్వాహిలీలో ఆ మాటకి కట్టడాలు అని అర్థం. అక్కడి ఆడవాళ్ళలో చాలామంది టాంజానియా నుంచి వచ్చినవాళ్ళు...

అత్తయ్య: ఆగు. మగాడి పుండు దగ్గర బయల్దేరి ఆడదాని గుమ్మం ముందు తేలారు. కొత్త దారేం కాదు. 1868లో మన దొరలు చట్టం చేసి, ఆడవాళ్ళని పట్టుకొచ్చి లాక్ హాస్పిటళ్ళలో పెట్టి పరీక్ష చేసేవారు. వాళ్ళ ఒంటి మీద శ్రద్ధ కాదు, సిపాయి ఒంటి మీద శ్రద్ధ. ఇరవై ఏళ్ళు నడిచింది ఆ చట్టం. వీళ్ళకి తెల్లకోటు కనిపిస్తే గుండె ఎందుకు దడదడలాడుతుందో నీ అధ్యాయంలో ఎక్కడైనా రాశావా?

తమ్ముడు: రాయలేదు. కానీ మజెంగోలో ముందు తలుపు తట్టినవాళ్ళలో ఒక నర్సు ఉంది.

అత్తయ్య ఇక్కడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఇది తెలిసి వేసిన ఎత్తే అని నాకర్థమైంది.

తమ్ముడు: ఎలిజబెత్ గూగీ. మనం చదివిన నవలా రచయిత గూగీ కాదు, నర్సు గూగీ. ఆవిడ ఆ వీధుల ఆడవాళ్ళని బరాజాలకి పిలిచేది. బరాజా అంటే మన రచ్చబండ లాంటిది. ఆరుబయట కూర్చోబెట్టి వాళ్ళ భాషలో జబ్బు గురించి చెప్పడం, అడిగినవాటికి జవాబివ్వడం. అప్పటిదాకా ఆ ఆడవాళ్ళు ఒకళ్ళకొకళ్ళు పోటీ. ఎవరి గుమ్మం వాళ్ళది, ఎవరి బేరం వాళ్ళది. ఈ సభల్లోంచే ఒక గుంపు తయారైంది. తమలోంచి నాయకురాళ్ళని వాళ్ళే ఎన్నుకున్నారు. ఎవరైనా రావడం మానేస్తే కనుక్కునేది, కొత్తగా వచ్చినవాళ్ళని క్లినిక్కుకి తెచ్చేది ఈ నాయకురాళ్ళే. పరిశోధనకి ముందు అక్కడ సముదాయం అనేదే లేదు. పరిశోధనే దాన్ని పుట్టించింది.

అత్తయ్య: అదే నా భయం. మీరు పుట్టించిన సంఘం మీకు ‘వద్దు’ అని చెప్పగలదా?

తమ్ముడు: ఎందుకు చెప్పలేదు?

అత్తయ్య: ఎందుకంటే క్లినిక్కు మీది, మందు మీది, దారి ఖర్చు మీది. ఆ నాయకురాలికి నెలకింత ఇచ్చేదీ మీరే. మన దగ్గర పీర్ ఎడ్యుకేటర్ లేదూ? సగం స్నేహితురాలు, సగం ఉద్యోగస్తురాలు. నెలాఖరుకి ఎంతమందిని తెచ్చావని రిజిస్టరు అడుగుతారు. ఆ అమ్మాయి వెళ్ళి ‘రావే అక్కా, ఈ ఒక్కసారికి’ అంటుంది. ఆ అక్క వస్తే ఒప్పుకుని వచ్చినట్టా, మొహమాటానికి వచ్చినట్టా? ఇంక కంపెనీలని పిలిచే ఆ ఇళ్ళ సంగతి సరేసరి. కంపెనీ నడిపే అమ్మగారు ‘వెళ్ళి రక్తం ఇచ్చి రా’ అని పంపిన పిల్ల నీ కాగితం మీద వేలిముద్ర వేయనంటుందా? ఖమ్మంలో ఏం జరిగింది? 2009లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా అన్నారు, భద్రాచలం వైపు ఆడపిల్లలకి వేశారు. హాస్టలు పిల్లల బదులు వార్డెన్లు సంతకాలు చేశారు. మరుసటేడు ఏప్రిల్లో ఆపించారు, 2013లో పార్లమెంటు సంఘం నివేదికలో ఉతికి ఆరేసింది. సంతకం ఉంది కదా అంటే ఉంది. ఎవరిదన్నదే ప్రశ్న.

తమ్ముడు: ఖమ్మాన్ని సమర్థించడానికి నేను రాలేదు. అక్కడ అడగాల్సినవాళ్ళని అడగలేదు. మజెంగోలో అడిగారు, కూర్చోబెట్టి అడిగారు. అడగడం వల్ల ఏం జరిగిందో కూడా వినండి. 1986లో అచ్చయిన లెక్క ప్రకారం నైరోబీ పేద వేశ్యల్లో నూటికి అరవై ఆరుగురికి అప్పటికే వైరస్ ఉంది. దాచిన పాత రక్తాలు పరీక్షిస్తే 1981లో నూటికి నలుగురికి ఉన్నది, 1985 నాటికి అరవై ఒక్కరికి పాకింది...

అత్తయ్య: 1981లో ఎయిడ్స్ పరీక్షే లేదు కదరా!

తమ్ముడు: లేదు. వైరస్‌నే కనిపెట్టలేదు. వేరే జబ్బుల కోసం తీసిన రక్తం, ఫ్రీజర్లలో ఉండిపోయింది.

అత్తయ్య: అడిగారా?

తమ్ముడు: పేరే లేని జబ్బు గురించి 1981లో ఎవరు ఎవరిని అడగగలరు?

అత్తయ్య: నేనన్నదీ అదే. అడగడానికి వీల్లేనిది కూడా ఆవిడ ఇచ్చేసింది. ఇచ్చేనాటికి ఏమిస్తోందో ఆవిడకీ తెలీదు, తీసుకునేవాళ్ళకీ తెలీదు. అలాంటప్పుడు సంతకం దేనికి పనికొస్తుందిరా? ఆ రక్తంతో కొత్త పని పడ్డప్పుడల్లా మళ్ళీ ఆ వీధికి వెళ్ళి కూర్చోవాలి. నీ దస్త్రంలో ‘నమూనాలు భవిష్యత్ అవసరాలకు భద్రపరచబడును’ అని ఒక్క ముక్కలో కొట్టేశారు. నా దుంపతెగ, నమూనా ఏవిటి, రక్తం అని రాయలేరూ?

వాడు పెన్సిల్‌తో అక్కడ ఏదో గీసుకున్నాడు. తర్వాత గొంతు కాస్త పెంచి, కాండోముల కథకి వచ్చాడు. 1980ల చివర్లో ఆ సభలవల్లా క్లినిక్కువల్లా మజెంగోలో కాండోమ్ వాడకం బాగా పెరిగింది. దాని మీద 1991లో ఒక లెక్క అచ్చయింది: ఐదువందల మంది సెక్స్ వర్కర్లతో పనిచేసే ఇలాంటి కార్యక్రమం ఏడాదికి ఆరువేల నుంచి పదివేల కొత్త ఇన్‌ఫెక్షన్లు ఆపుతుందని. ఒక్కొక్కటి ఆపడానికి అయ్యే ఖర్చు పన్నెండు డాలర్ల లోపే. వాడి వృత్తిలో వాళ్ళకి ఇది పద్యం లాంటిది. అత్తయ్య అంతా విని, ‘ఆ పదివేల మందీ ఎవరు?’ అంది. వచ్చే మగవాళ్ళు, వాళ్ళ భార్యలు, పుట్టే పిల్లలు అన్నాడు. ‘అంటే ఐదువందల మంది గట్టు, పదివేల మంది చేను. గట్టు తెగకుండా చూశారు, మంచిదే. గట్టుకి దాహమేస్తే?’ అంది.

తమ్ముడు: వేసింది. వేసినప్పుడు సుఖవ్యాధులకి మందిచ్చారు, క్షయకి మందిచ్చారు, పిల్లల జ్వరాలకి కూడా...

అత్తయ్య: ఎయిడ్స్‌కి?

తమ్ముడు: లేవు కదా అత్తయ్యా.

అత్తయ్య: 1996లో మూడు మందుల చికిత్స వచ్చింది. మా వార్డులో డాక్టర్లు పేపరు కటింగులు పంచుకోవడం నాకు గుర్తు. మజెంగోకి ఎప్పుడొచ్చింది?

తమ్ముడు: 2005 ప్రాంతంలో. అమెరికా ప్రభుత్వ నిధులతో.

అత్తయ్య: తొమ్మిదేళ్ళు.

తమ్ముడు: ఆ తొమ్మిదేళ్ళూ కెన్యా అంతా ఎదురుచూసింది. ఏడాదికి పదివేల డాలర్లు పైబడే మందుని ఏ పరిశోధన సంస్థ కొనిపెట్టగలదు? 2001లో మన సిప్లా ఏడాదికి 350 డాలర్లకి ఇస్తానన్నాకే కదా తలుపు తెరుచుకుంది. ఒక క్లినిక్కు లోకం ధర దించలేదు.

అత్తయ్య: కెన్యా అంతా ఎదురుచూసింది, ఒప్పుకున్నా. కెన్యా అందరి రక్తమూ ఫ్రీజర్లలోకి వెళ్ళిందా?

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నేను కాఫీ కలపడానికి లేచాను. వంటింట్లోంచి వినిపించింది, తమ్ముడు గొంతు తగ్గించి చెబుతున్నాడు. మజెంగో ప్రపంచానికి తెలిసింది ఆ రక్తం వల్లే. మొదట వైరస్ లేని 424 మందిని 1985 నుంచి 1994 దాకా చూస్తే 239 మందికి సోకింది. కానీ కొద్దిమందికి ఏళ్ళు గడిచినా, రోజూ ప్రమాదంలోనే ఉన్నా సోకలేదు. 1996లో లాన్సెట్‌లో ఆ సంగతి అచ్చయింది. వాళ్ళ ఒంట్లోని రక్షణ కణాలు వైరస్‌ని గుర్తుపడుతున్నాయని ఆక్స్‌ఫర్డు శాస్త్రవేత్తలు చూపించారు. దాన్ని ఆదర్శంగా పెట్టుకుని ఒక టీకా తయారైంది. 2000లో ఆ టీకా పేటెంటులో కెన్యావాళ్ళ పేర్లు లేవని పెద్ద రగడ జరిగింది. 2001లో నైరోబీలో ప్రయోగాలు మొదలయ్యాయి. ఆశించినంత ఫలితం రాలేదు, 2004లో పక్కన పెట్టేశారు.

నేను కాఫీలు తెచ్చేసరికి అత్తయ్య ముఖం మారి ఉంది.

అత్తయ్య: ఆ పేటెంటు గొడవలో శాస్త్రవేత్తల పేర్లు లేవని అరిచారు. ఆడవాళ్ళ పేర్లో?

తమ్ముడు: వాళ్ళ పేర్లు రహస్యంగా ఉంచాలి కదా.

అత్తయ్య: ఉంచాలి. పేరు దాచడం వేరు, వాటా దాచడం వేరు. సరే, ఇంకొకటి చెప్పు. అలా సోకనివాళ్ళకి తర్వాతేమైంది?

తమ్ముడు: అదే కష్టమైన ఘట్టం. వాళ్ళల్లో కొందరికి ఏళ్ళ తర్వాత సోకింది. ఎవరికి సోకిందా అని చూస్తే, కొంతకాలం పని మానేసినవాళ్ళకి, తగ్గించినవాళ్ళకి. 2001లో అచ్చయింది. వైరస్ తరచుగా తగులుతూ ఉండడం వల్లే రక్షణ నిలబడిందేమో, మధ్యలో విరామం వస్తే సన్నగిల్లిందేమో అని అనుకున్నారు.

అత్తయ్య: పని మానేస్తే ప్రమాదం అని తేలిందన్నమాట.

తమ్ముడు: అలా కాదు. మానేసి మళ్ళీ మొదలుపెడితే.

అత్తయ్య: ఆవిడకి రెండూ ఒకటేరా. పిల్ల పురిటికి ఊరెళ్ళి ఆరు నెలలుంటుంది. ఒంట్లో బాగోక మూడు నెలలు పడుకుంటుంది. లేచాక మళ్ళీ ఆ గుమ్మంలోకే. ఈ ముక్క నువ్వు పత్రికలో అచ్చేసుకున్నావు, శుభం. ఆ వీధిలో రచ్చబండ పెట్టి ఏమని చెబుతావు? ‘అమ్మల్లారా, విశ్రాంతి తీసుకోకండి’ అనా? ‘మీలో కొందరికి అంటదు’ అనా? ఎవరికి అంటదో ఎవరికీ తెలీదు, ప్రతి ఒక్కతీ అది నేనే అనుకుంటుంది. చెప్పకపోతే దాచినట్టు. చెబితే నిప్పు చేతికిచ్చినట్టు. నువ్వు రాస్తున్న ఆ ఎంగేజ్‌మెంటో ఏదో, అది పనికొచ్చేది ఇలాంటి రోజునే. మొదటి రోజు టీ ఇవ్వడం ఎవరికైనా వచ్చు.

ఈ మాటలు అంటున్నప్పుడు అత్తయ్య చేతులు గాల్లో కట్టు కడుతున్నట్టు తిరిగాయి. ఏదో జ్ఞాపకం వచ్చుండాలి. ఎన్నోసార్లు పాజిటివ్ అని చీటీ చేతిలో పెట్టాల్సి వచ్చిన మనిషి ఆవిడ.

తమ్ముడు: ఏం చెప్పాలో నాకూ తెలీదు. కాండోమ్ ఆపకండి అన్నది తప్ప. కానీ ఒక్కటి. ఆ కబురు చెప్పడానికి ఆ వీధిలో కూర్చునే చోటంటూ ఒకటుంది. పదిహేనేళ్ళుగా తెలిసిన నర్సు ఉంది, తిట్టగలిగినంత చనువుంది. ఆ చోటే లేకపోతే ఆ ఆడవాళ్ళకి తమ గురించి తెలిసేది పేపర్లోనే. అసలు మీ మాట ప్రకారం ఏం చెయ్యాలి? మానుకోవాలా? మానుకున్న ఊరు కూడా ఉంది. చెప్పనా?

అత్తయ్య: చెప్పు.

తమ్ముడు: కాంబోడియా. నాం పెన్ నగరం. 2004లో 960 మంది సెక్స్ వర్కర్లతో టెనోఫోవిర్ మాత్ర మీద ప్రయోగం చెయ్యాలనుకున్నారు, రోజూ వేసుకుంటే వైరస్ సోకకుండా ఆపుతుందా అని. అక్కడ వాళ్ళకి సొంత సంఘం ఉంది. పరిశోధకులు పెట్టింది కాదు, వాళ్ళు పెట్టుకున్నది. వాళ్ళు పత్రికల్ని పిలిచి మాకు ఇష్టం లేదన్నారు. మందు వల్ల హాని జరిగితే, జబ్బొస్తే, ప్రయోగం ముగిశాక కూడా ఏళ్ళ తరబడి వైద్యం చేయిస్తామని రాసివ్వండి అన్నారు. ఆగస్టులో ప్రధాని హున్ సేన్ ప్రయోగాన్ని ఆపేయించాడు. మరుసటేడు కామెరూన్లో డువాలాలో నాలుగువందల మందితో నడుస్తున్నది కూడా ఆగింది.

అత్తయ్య: భలే!

తమ్ముడు: భలే కాదు. 2010లో, 2011లో వేరే చోట్ల, వేరే మనుషుల మీద తేలింది. ఆ మాత్ర పనిచేస్తుంది. ఇవాళ లోకమంతా ప్రెప్ అని వాడుతున్న మాత్ర దాని వంశంలోదే. తేల్చినవాళ్ళలో నాం పెన్ ఆడవాళ్ళు లేరు. ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళ ఒంట్లో ఎలా పనిచేస్తుందో చూసే రోజు అన్నేళ్ళు వెనక్కెళ్ళింది. ఆ ఏళ్ళల్లో సోకినవాళ్ళ లెక్క ఎవరు రాస్తారు?

అత్తయ్య: వాళ్ళడిగింది అన్యాయమా?

తమ్ముడు: కాదు.

అత్తయ్య: మరి? అడిగినదానికి సరేనంటే ప్రయోగం నడిచేది. ఆలస్యం చేసింది వాళ్ళ ‘వద్దు’ కాదు, ఎదుటివాళ్ళ పిసినారితనం. ఇంతకీ వాళ్ళ భయం ఊరికే పుట్టిందా? అంతకుముందు ఆ జెల్లు సంగతి?

తమ్ముడు: నోనాక్సినాల్-9. బెనిన్, ఐవరీ కోస్ట్, దక్షిణాఫ్రికా, థాయిలాండుల్లో 892 మంది సెక్స్ వర్కర్ల మీద చూశారు. కాపాడుతుందనుకున్న జెల్, తరచుగా వాడినవాళ్ళకి వైరస్ ఇంకా ఎక్కువ సోకేలా చేసింది. 2000లో డర్బన్ సదస్సులో బయటపెట్టారు. అంతకుముందే నైరోబీలో 138 మందితో స్పాంజి రూపంలో చూస్తే పుండ్లు ఎక్కువయ్యాయి.

అత్తయ్య: ఎన్ని మీటింగులు పెడితే మాత్రం ఆ జెల్లు మంచిదయ్యేదా?

తమ్ముడు: అవదు. కానీ ఇది కూడా చెప్పండి: ఆ రసాయనాన్ని అప్పటికే కాండోముల మీద పూసి దుకాణాల్లో అమ్ముతున్నారు. ఎవరూ లెక్క కట్టకపోతే ఇంకా అమ్ముతూనే ఉండేవాళ్ళు, జాగ్రత్త పడుతున్నామనుకుని కొనుక్కుంటూనే ఉండేవాళ్ళు. ఆ 892 మంది వల్ల తెలిసింది. ‘పరిశోధన వద్దు’ అంటే హాని ఉండదని కాదు అత్తయ్యా, హాని కనపడదని.

అత్తయ్య దీనికి జవాబు చెప్పలేదు. కాఫీ గ్లాసు కింద పెట్టి పైట సర్దుకుంది. నా మటుకు నాకు, ఆ సాయంత్రం మొత్తమ్మీద తమ్ముడు చెప్పినవాటిలో అదే గట్టి మాట. నాం పెన్, డువాలా ప్రయోగాలు ఆగిన తర్వాత 2007లో పరిశోధకులు సముదాయాలతో ఎలా నడుచుకోవాలో అంతర్జాతీయ మార్గదర్శకాలు వచ్చాయని వాడు ఇంకేదో చదవబోయాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

అత్తయ్య: మార్గదర్శకాలు సరే. నే ముందడిగినదానికి నువ్వింకా చెప్పలేదు. మీరు పెట్టించిన సంఘం మీకు ఎదురు చెప్పిన చోటు ఒక్కటి చూపించు. నాం పెన్‌లో చెప్పారంటే అది వాళ్ళ సొంత సంఘం కాబట్టి.

తమ్ముడు: సోనాగాచీ. కలకత్తాలో 1992లో డాక్టర్ స్మరజిత్ జానా వెళ్ళింది ఆరోగ్య సంస్థ తరఫున, సుఖవ్యాధుల సర్వేకే. అక్కడి ఆడవాళ్ళనే కార్యకర్తల్ని చేశాడు. 1995లో వాళ్ళు దుర్బార్ అని సంఘం పెట్టుకున్నారు. 1999 వచ్చేసరికి ఆ ఆరోగ్య కార్యక్రమమే వాళ్ళ చేతుల్లోకి వెళ్ళింది. డాక్టర్లకి వాళ్ళు జీతాలిచ్చారు. ఏడేళ్ళల్లో తాళంచెవులు చేతులు మారాయి. మైసూరులో అశోదయ కూడా అలాంటిదే. అక్కడికి వచ్చినవాళ్ళు ఎవరనుకున్నారు? నైరోబీలో పనిచేసిన మానిటోబా వాళ్ళే కర్ణాటకకీ వచ్చారు. తర్వాత మన దేశంలో సెక్స్ వర్కర్లకి ఆ ప్రెప్ మాత్ర ఇచ్చి చూద్దామన్నప్పుడు, ఇచ్చి చూసింది దుర్బార్, అశోదయ సంఘాలే. ముందు నెలల తరబడి తమలో తాము చర్చించుకుని మొదలుపెట్టారు.

అత్తయ్య: అలా చెప్పు. అక్కడ ఇల్లు వాళ్ళది, మీరు చుట్టపుచూపుగా వెళ్ళారు. చుట్టానికి వడ్డించేటప్పుడు ఎంత పెట్టాలో ఇంటివాళ్ళకి తెలుసు. మరి నీ దస్త్రంలో తాళంచెవుల పేజీ ఏది?

తమ్ముడు: ఇంకా మొదలే కాలేదు కదా.

అత్తయ్య: పెళ్ళికి ముందే మాట్లాడుకోవాల్రా అవన్నీ. సరే, ఈ పట్టిక ఏవిటి? ‘లాస్ట్ టు ఫాలో-అప్, ఇరవై శాతం.’

తమ్ముడు: పదేళ్ళలో నూటికి ఇరవై మంది జారిపోతారని అంచనా. అందుకే ముందే ఎక్కువమందిని చేర్చుకుంటాం.

అత్తయ్య: జారిపోవడమేంట్రా? చేపలా? వెళ్ళిపోయింది. కూతురికి పెళ్ళి కుదిరింది, తాడేపల్లిగూడెం వదిలి తుని వెళ్ళిపోయింది. అక్కడ ఇడ్లీ బండి పెట్టుకుంది. ఇంక ఈ పేరుతో ఎవరూ తనని పిలవకూడదనుకుంది. అలా అనుకున్న రోజు ఆవిడ జీవితంలో పండగ. నీ పట్టికలో అది నష్టం కింద పడింది. నీ అధ్యయనంలో ఉన్నంతకాలం ఆవిడ సెక్స్ వర్కరేరా, పదేళ్ళ తర్వాత కూడా. మీ వాళ్ళు ఫోను చేసి ‘అమ్మా, మీ ఆరో విజిట్ ఉంది’ అంటారు. అల్లుడు ఎత్తితే?

తమ్ముడు: ఫోన్లో ఏ అధ్యయనమో చెప్పరు. అది నిబంధన.

అత్తయ్య: ‘ఆసుపత్రి నుంచి’ అంటారు. ఏ ఆసుపత్రి, ఎందుకు, ఎవరు చూస్తున్నారు నిన్ను అని అతను అడుగుతాడు. మీకు ఫోను అక్కడితో అయిపోతుంది. వాళ్ళింట్లో అక్కడే మొదలవుతుంది.

తమ్ముడు: అయితే వెళ్ళినవాళ్ళని వెతకొద్దంటారా? వాళ్ళని వదిలేస్తే ఉండిపోయినవాళ్ళ ఆరోగ్యమే లెక్కకొస్తుంది. బయటపడ్డవాళ్ళు ఎలా ఉన్నారో, ఎలా బయటపడ్డారో ఎప్పటికీ తెలీదు. వెనక వచ్చేవాళ్ళకి పనికొచ్చేది ఆ కథే కదా.

అత్తయ్య: నిజమే. వెతకమనే అంటాను. ఎలా వెతకాలో ఆవిడనే ముందు అడగమంటాను. చేరే రోజునే. ‘రేపు నువ్వు ఇదంతా వదిలేస్తే మేం పలకరించాలా, వద్దా? పలకరిస్తే ఎవరి ద్వారా, ఏ పేరుతో?’ అని. అడిగితే చెబుతారు. ఒకావిడ నాకు చెప్పింది, ‘కుట్టుమిషను వాయిదా గురించి అని అడగండి సిస్టరుగారూ, నాకు అర్థమవుతుంది’ అని. మిషనూ లేదు, వాయిదా లేదు. రెండేళ్ళు అలాగే అడిగాను.

తమ్ముడు దస్త్రం మీదికి వంగి చాలాసేపు రాసుకున్నాడు. బయట చీకటి పడింది. వీధిలో పిల్లలు మిగిలిపోయిన టపాకాయలు పేలుస్తున్నారు.

అత్తయ్య: ఆ ఒప్పుకోలు కాగితం పైకి చదువు.

తమ్ముడు: ‘మీరు ఎప్పుడైనా, ఏ కారణమూ చెప్పకుండా, ఈ అధ్యయనం నుండి వైదొలగవచ్చును.’ ఇది ప్రతి ఫారంలోనూ ఉంటుంది అత్తయ్యా, ఉండి తీరాలి.

అత్తయ్య: వైదొలగడమంటే?

తమ్ముడు: మానేయడం.

అత్తయ్య: మానేయవచ్చు అనే రాయి. మానేశాక ఆవిడ పిల్లాడికి జ్వరమొస్తే మీ క్లినిక్కుకి రావచ్చా?

తమ్ముడు: క్లినిక్కు... అధ్యయనంలో ఉన్నవాళ్ళకే. నిధులు అలా ఇచ్చారు.

అత్తయ్య: అయితే మానేయవచ్చు అన్నది అబద్ధం. పిల్లాడి జ్వరం గుర్తొచ్చినప్పుడల్లా ఆవిడ ఉండిపోతుంది. సరే, మానెయ్యలేదనుకో. పదేళ్ళూ వచ్చింది, అడిగినప్పుడల్లా చెయ్యి చాపింది. పదకొండో ఏడు?

వాడు పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పాడు. మళ్ళీ మొదట్నుంచి తిప్పాడు. అత్తయ్య ఇంకేమీ అనలేదు. టీవీలో సీరియల్ వేళైందని లేచి లోపలికి వెళ్ళింది.

రాత్రి మంచినీళ్ళకని లేస్తే భోజనాల బల్ల దగ్గర దీపం వెలుగుతోంది. వాడు ఆ బడ్జెట్ పేజీ ముందేసుకుని కూర్చున్నాడు. టీ బిస్కెట్ల పద్దు కొట్టేసి ఉంది. దాని కింద పెన్సిల్‌తో ‘పదకొండో ఏడు’ అని రాసి, ఎదురుగా అంకె వేయాల్సిన గడిని ఖాళీగా వదిలేశాడు.